మేము, మనం

ఏసీ గార్డ్స్ బడిలో ఎనిమిదో తరగతికి
తెలుగు రెండో భాష.
ఆ రోజు సర్వనామాలు.
ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం,
గడప బయట నిలబెడితే మేము.
బోర్డు మీద రెండూ రాసి
మధ్యన గీత గీశాను.
సుద్దముక్క కిర్రుమంది.

మూడో బెంచీలో ఫరాజ్.
వాడి ముత్తాతకి ముత్తాత ఎవరో
సముద్రం అవతల నుంచి
నవాబు గుర్రాల మీదికి వచ్చాడట.
ఏ ఊరి నుంచో ఎవరికీ గుర్తులేదు.
మిగిలింది జీనుకి కట్టే ఒక ఇత్తడి బిళ్ళ,
పెళ్ళి బారాతుల్లో మోగే మర్ఫా డోలు,
దువ్వెనకి లొంగని ఆ జుట్టు.
మెహిదీపట్నం బస్సులో రోజూ ఎవరో ఒకరు
"ఏ దేశం బాబూ?" అంటారు.
వీడు "మాసబ్ ట్యాంక్" అంటాడు.

వెస్టిండీస్ ఉప్పల్‌లో ఆడిన మర్నాడు
కళ్ళు వాచి వచ్చాడు.
"ఓడిపోయినం టీచర్."
క్లాసు గొల్లుమంది.
నేనూ నవ్వాను.
ఓడిపోయినం.
అందులో ఉన్నది మేమా, మనమా?
క్రియ చివర రెండూ ఒక్కలాగే ఉంటాయి.
తెలుగు అక్కడ మాత్రం నోరు విప్పదు.

రాత్రి పేపరు తిరగేస్తున్నాను.
ఏదో దేశంలో ఏదో బహుమతి ఎవరికో.
ఇంటిపేరు చూడగానే
నా వెన్ను నిటారయింది.
వాడు చేసిన లెక్కల్లో
ఒక్క కూడిక కూడా నాది కాదు.
కింద, చిట్టీల డబ్బుతో ఉడాయించినవాడు.
వేలు నన్నడక్కుండానే
ఇంటిపేరు మీదికి పాకింది.
మనవాడు కాదు.
హమ్మయ్య అని చల్లారిన టీ తాగాను.
తియ్యగానే ఉంది.

ఈ వేలు ఎక్కడ నేర్చుకుంది?
కాజీపేట పాసింజర్‌లో మా అమ్మమ్మ
పులిహోర పొట్లం విప్పబోతూ
ఎదుటి సీటుని అడిగేది,
"మీరేవిట్లు?"
జవాబుని బట్టి పొట్లం
బల్ల మీదికి జరిగేది,
లేదా ఒళ్ళోకి.
పక్కన నేను, ఆరేళ్ళదాన్ని,
ఒడి వెచ్చదనంలో ముద్ద మింగుతూ.
ఎంత రుచో ఇప్పటికీ
అబద్ధం చెప్పలేను.

సొంతవాక్యాల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను.
ఫరాజ్ ఒక్కటే రాశాడు.
"... హైదరాబాదు వాళ్ళం."
ముందు మేము.
కొట్టేసి మనం.
దాన్నీ కొట్టేసి, దాని మీదే మళ్ళీ,
పెన్ను కాగితాన్ని తినేసేదాకా.
ఆ చిల్లులోంచి వెనక పేజీలో
వాళ్ళమ్మ ఉర్దూలో రాసుకున్న
కిరాణా లెక్క కనిపిస్తోంది.

ఎర్రపెన్ను మూత తీసి చాలాసేపయింది.
వేలు మాత్రం
ఆ చిల్లు అంచు తడుముతోంది.