చింతలగట్టు హాల్టు

మొరం కుప్ప మీద రేకుల గది,
గదిల నేను.
మాస్టరును కాను,
టికెటుకింత కమీషన్ మీద బతికేటోన్ని.
పదకొండు నలభైకి నాగపూర్ ప్యాసింజర్
అని బోర్డు మీద రాసుండేది,
బండికి చదువు రాదు.
ఒక్కోనాడు ఒంటిగంటకు, ఒక్కోనాడు కోడి కూసినంక
కాజీపేట దిక్కు నుంచి ఒక పసుపు చుక్క
పట్టాల మీద నూనెలెక్క జారుకుంట ఒచ్చేది.
మిరప ఏరి మర్లిపోయే చాందా కూలోళ్లు
ఆ ఎలుగు మీద పడంగనే
కండ్లు తెరవకుంటనే మూటలు ఎత్తుకునేటోళ్లు.

రోగం కాలంల ఆపిండ్రు.
రోగం పోయింది,
మూతిగుడ్డలు మసిగుడ్డలైనయ్.
బండి రాలె.

దరఖాస్తు నేనే రాసిన,
నూటా పన్నెండు వేలిముద్రలు, నాలుగు సంతకాలు.
కాజీపేటల సారు మంచోడే, చాయ్ తాగిచ్చిండు.
మూడో లైన్ పడనియ్ ఓదెలూ, అన్నడు.
పడ్డది.
దాని మీద బొగ్గు పోతది, సిమెంటు పోతది,
ఆగుడు తెల్వని తెల్లబండి ఒకటి
మా చెవులు గుంజుకుంట పోతది.
సికిందరాబాదుల ఇంకో సారు
రేకు లేదన్నడు.
నా గది కప్పు యాదికొచ్చి
నాలుగు ఇప్పుకొని తెస్తా సారూ అన్న.
నవ్విండు. పెట్టెలన్నీ కలిపితే రేకంటరట.
మూడోసారి పోతే, బండ్లు కడిగే లైన్ ఖాళీ లేదు.
నాలుగోసారి, బల్లార్షా దాటితే జోను మాది కాదు,
వాళ్లను అడుగు.
వాళ్లు హిందీల రాసిండ్రు, వీళ్లను అడుగుమని.
నడుమ బల్లార్షాల ఒక రాత్రి బెంచి మీద పండుకున్న,
రెండు జోన్ల దోమలు కుట్టినయ్.

ఆఖరి కాయితం చిన్నది.
"ఆదరణ లేనందున."

ఇన్ని గడపలల్ల కొట్లాడిన నోరు
గా ఒక్క మాట కాడ పడిపోయింది.
ఆ లెక్క నాదే.
నా రిజిస్టరు, నా చేతిరాత:
పదమూడు, తొమ్మిది, పదకొండు.
ఎక్కింది ముప్పై మంది.
ఐలవ్వ మొగన్ని నాగపూర్ దవాఖానకు తీస్కపోతుంటే
ఆయనకు కోసిన, ఆమెకు కొయ్యలె.
పో అక్కా, ఈ పెట్టెకు టీసీ రాడు అన్న.
బీడీలు చుట్టే సలీంబీకి కొయ్యలె,
ఆమె ఎనక పిల్లలకు అసలే కొయ్యలె.
జాలి అనుకున్న అప్పుడు.
ఒక్కొక్కరిని ఎక్కిచ్చుకుంట
బండినే దించుతున్నా అని ఎర్క లేదు.

మొన్న ఎండపొద్దు
ముందట సిగ్నల్ పడక
పొడుగు బండొకటి నా గది ముందల నిలబడ్డది.
పెట్టెలు పాత ప్యాసింజర్‌వే.
కిటికీ కిటికీకి రేకు కొట్టి
కండ్లు కుట్టిన పీనుగ లెక్క చేసిండ్రు.
లోపల కొత్త కార్లు పోతున్నయట,
గార్డు చెప్పిండు.
ఆకు ఏసుకున్నంక ఐలవ్వ
తలుపు పక్కన సున్నం వేలు తుడిచేది.
ఎనిమిది పెట్టెలు ఎతికిన ఆ మరక కోసం.
రంగేసిండ్రు.
బండి కదిలింది. గార్డు పచ్చజెండా ఊపిండు,
ఇంకెవ్వలు లేరు కాబట్టి నాకే.

ఆ రాత్రే ఇంకో దరఖాస్తు రాసిన.
ఈసారి బండి అడగలె.
టికెటు కొయ్యకుంట నేను ఎక్కిచ్చినోళ్ల పేర్లు,
యాదికొచ్చినకాడికి, ఊరితోని, ఇంటిపేరుతోని.
ఐలవ్వ పోయిన యేడు సచ్చిపోయింది, ఆమె పేరు సుత రాసిన.
వీళ్లు ప్యాసింజర్లే, లెక్కల కలుపుండ్రి,
పైసలు నేను కడతా.
కింద నా సంతకం ఒక్కటే.

జరిమానా ఏస్తరని మా ఆమెకు బుగులు.
ఏయనీ అన్న.
ఆ కాయితం పట్టుకొని ఒచ్చేటోడు
ఏదో ఒక బండిల ఒచ్చి
ఈడ దిగాలె కదా.