క్లిప్పు

మస్తాన్‌వలి అంగట్లో టీపొడి ధర మారలేదు.
ప్యాకెట్టు మీద బొమ్మా అదే.
అప్పుపుస్తకంలో నిరుడూ ఈ ఏడూ ఒకటే అంకె.

డబ్బాకే తెలిసింది.

ఒకప్పుడు నిండగా ఇంకా మిగిలేది.
మూతి మడిచి, బట్టల క్లిప్పు పెట్టి
ఉప్పుజాడీ ఎనకాల దాచేదాన్ని.
ఇప్పుడు తలకిందులు చేసి దులిపినా
డబ్బా మెడ దాకా రాదు.

"ఏందన్నా ఇది?" అంటే
"నేనేమన్నా గిల్లుకున్నానా తల్లీ,
మూతి అంటించే వచ్చింది గదా" అన్నాడు.

చీమకుర్తి క్వారీలో పొద్దంతా రాతిదుమ్ము మింగొచ్చే మనిషికి
టీ చిక్కంగా ఉండాల.
నీళ్లు ఎక్కువ పోస్తే గ్లాసు దించి నా మొహం చూస్తాడు.
ఇరవయ్యో తేదీకే ఇంకో ప్యాకెట్టు.
పుస్తకంలో అంకె అదే,
వరసలే పెరిగినాయి.

పనిపోయిన క్లిప్పు
దండెం మీద ఆయన చొక్కా పట్టుకోని
ఊగతా ఉంది.