పదకొండు పాయింట్ ఎనిమిది

సూర్యుడు పోయి ఇరవై రెండు రోజులు.
పోయాడంటే చచ్చిపోయాడని కాదు.
కొండ వీపు వెనకనుంచి
తల ఎత్తకుండా నడిచి వెళ్ళిపోతున్నాడు,
బాకీ ఉన్నవాడు కొట్టు ముందునుంచి పోయినట్టు.
మా లాప్లాండ్‌లో దీన్ని కామోస్ అంటారు.
మధ్యాహ్నం కాసేపు మంచు నీలమవుతుంది,
దాన్నే పగలనుకోవాలి.

కప్పు మీది ఆరు పలకలూ
ఆ నీలాన్ని నాకి నాకి
ఒక్క ఆంపియరైనా తేలేక పడుకున్నాయి.
గాలిమర రెక్కలు మంచుతో బిగుసుకున్నాయి.
జనరేటర్‌లో డీజిల్ నెయ్యిలా పేరుకుంది.
షెడ్డులో మీటరు చూశాను:
పదకొండు పాయింట్ ఎనిమిది.
పిండి డబ్బా అడుగున గరిటె గీరుకున్న చప్పుడు
ఆ అంకెలో వినిపించింది.

నిండుగా ఉన్న బ్యాటరీ చలికి జంకదు.
ఖాళీ అయ్యేకొద్దీ లోపలి ఆమ్లం నీళ్ళవుతుంది,
నీళ్ళు గడ్డవుతాయి, గడ్డ పెట్టెను పగలగొడుతుంది.
ఇది నాకు ఓయివా చెప్పలేదు.
అన్నీ తనే చేసి, ఏదీ చెప్పకుండా,
మంచు కరిగే నెలలో పోయాడు.
ఆ తర్వాతి చలికాలం
పగిలిన పెట్టే చెప్పింది.

అందుకని వైర్లు విప్పాను, నలుపు ముందు, ఎరుపు తర్వాత.
మంచుబండి మీదికి దొర్లించి
నడుము పట్టుకుని, తిట్టుకుంటూ,
ఇంట్లోకి లాక్కొచ్చాను.
పొయ్యికి మరీ దగ్గర కాదు, మరీ దూరం కాదు,
ఓయివా ఉన్ని దుప్పటి కప్పి కూర్చోబెట్టాను.

మా ఇటుక పొయ్యి ఆవులాంటిది.
గంటన్నర బిర్చి చెక్కలు మేస్తుంది,
రాత్రంతా నెమరేస్తుంది.
దాని పక్కటెముకలకు వీపు ఆనిస్తే
బయట ముప్పై నాలుగు డిగ్రీల చలి
ఎవరో పక్కింటివాళ్ళ గొడవలా ఉంటుంది.

పక్కిల్లంటే, సరస్సు అవతల తౌనో.
ప్రతి సాయంత్రం ఆరింటికి
నా కిటికీలో బల్బు పది నిమిషాలు.
అతని కిటికీలో బల్బు పది నిమిషాలు.
ఉన్నాను. ఉన్నావా. సరే.
అంతే మా మాటలు.
వల వేసే చోటు గురించి మాటామాటా పెరిగి
పన్నెండేళ్ళు.
ఈ దీపాలు ఎవరు మొదలుపెట్టారో
నాకైతే గుర్తులేదు, అతన్నడగను.

ఆ సాయంత్రం వైర్లు విప్పి ఉన్నాయి.
ఒక్క రోజుకేం లే అనుకున్నాను.
బంగాళాదుంపల చారు తాగి
పాదాలు బ్యాటరీకి ఆనించుకుని
కుర్చీలోనే నిద్రపోయాను.

తలుపు మీద పిడికిలి.
తెరిస్తే తౌనో,
కనురెప్పలు మంచుతో అతుక్కుపోయి
ఒక కన్ను మాత్రమే తెరుచుకున్నవాడు.
వెనక బండి మీద రెయిన్‌డీర్ తోలు చుట్టి
ఏదో ఉంది, మనిషి మొండెమంత.
విప్పాడు. అతని బ్యాటరీ.
"నిండుగా ఉంది," అన్నాడు.
పన్నెండేళ్ళ తర్వాత మొదటి మాట.

లోపలికొచ్చి దుప్పటి కప్పుకున్నదాన్ని చూశాడు,
గోడకు వేలాడుతున్న వైర్లు చూశాడు,
నన్ను చూశాడు, బతికున్న నన్ను.
చెవులు ఎర్రబడ్డాయి, చలికి కాదు.
ఊరికే వచ్చావు అనొచ్చు.
అనలేదు. కాఫీ పొడి రెండు చెంచాలు
ఎక్కువే వేశాను.

అతని బ్యాటరీకి నా వైర్లు బిగించాం,
ఎరుపు ముందు. వేళ్ళు వణుకుతుంటే
నేను పట్టుకున్నాను, అతను తిప్పాడు.
బల్బు వెలిగింది, రెండున్నర గంటలు ఆలస్యంగా,
చూడాల్సినవాడు గదిలోనే ఉండగా.

అరచేతులతో అద్దం మీది మంచు తుడిచి
ఇద్దరం బయటికి చూశాం.
సరస్సు అవతల ఏమీ లేదు.
అతని ఇల్లున్న చోట
మిగతా చీకటిలాంటి చీకటే.
తౌనో చాలాసేపు చూశాడు.
"ఇక్కడినుంచి ఇలా ఉంటుందా," అన్నాడు.

నేను పొయ్యి తలుపు తీసి
ఇంకో చెక్క వేశాను.
వేయాల్సిన వేళ కాదు అది.