బ్రేక్ వ్యాన్ నుంచి

నేను గూడ్సు గార్డుని.
ఏదైనా దాటిపోయాకే నాకు కనబడుతుంది.

ముందు ఇంజన్లో తవిటయ్యకి
పిట్టలంటే హారన్‌కి చెదిరి లేచే నలుసులు.
అరకిలోమీటరు ఇనపరాయి గడిచి
చివర నా వ్యాను వచ్చేసరికి
అవే పిట్టలు మళ్ళీ తీగల మీద వాలుతుంటాయి
రెక్కలు సర్దుకుంటూ, ఏమీ జరగనట్టు.
"నాకెప్పుడూ ఎగిరిపోయేవే గురూ" అంటాడు వాకీటాకీలో.
నాకు తిరిగొచ్చేవి.
ఈ ఒక్క విషయంలో వాడికంటే నా ఉద్యోగం మేలు.

కెమెరా జగదాంబ దగ్గర కొన్నాను, ఎవరో వాడి వదిలేసింది.
లెన్సు లోపల ఓ మూల బూజు.
ఆకాశం ఎప్పుడు తీసినా
ఎడమ పక్క చిన్న మబ్బు ఉండి తీరుతుంది.
బండి నడుస్తుంటే తీయను.
రూలు ఒప్పుకోదు, చెయ్యీ ఒప్పుకోదు.
చిమిడిపల్లి లూపులో ఎదురుబండి కోసం ఆపేస్తారే, అప్పుడు,
జెండాలు చంకలో, టీ ఫ్లాస్కు మెట్టు మీద.

ఓసారి పనసచెట్టు మీంచి కొండగోరింక
నా విజిల్ నాకే అప్పజెప్పింది.
తీశాను. ఆకులొచ్చాయి.
బొడ్డవరలో పాలపిట్ట,
కూర్చున్నంతసేపూ మట్టిముద్ద,
లేచిన ఆ రెప్పపాటులో మాత్రం నీలం.
నా దగ్గర మట్టిముద్దలు నలభై ఉన్నాయి.
నీలం ఇంకా దొరకలేదు.
మొత్తం తొమ్మిది వందల పైచిలుకు ఫొటోలు చూసి
మా హైమ అడిగింది:
"నాన్నా, వీటికి మొహాలుండవా?"

ఇల్లు పాతపోస్టాఫీసు వెనక సందులో.
సెలవునాడు మేడెక్కితే
తడిబట్టల సందుల్లోంచి హార్బరు,
పక్క డాబా మీద ఎర్నమ్మ ఎండేసిన నెత్తళ్ళు,
వాటి మీద ఒక గరుడపక్షి లెక్కలు వేసుకుంటూ.
ఇక్కడ ఏదీ దాటిపోదు. అందుకే కాబోలు
ఇక్కడ తీయాలని ఎన్నాళ్ళూ తోచలేదు.

జూన్ మొదట్లో పిట్టగోడ మీద వాలింది ఒక కొంగ.
తల, మెడ, వీపు ఇటుకరంగు.
గుండె దడదడలాడింది. పదమూడు ఫొటోలు,
పదమూడింట్లోనూ మొహం ఉంది.
పుస్తకం తిరగేశాను.
ఉన్నికొంగ. వానాకాలం జత కట్టే ముందు
తెల్లబట్ట విడిచి పసిడి కట్టుకుంటుందట.
"పెళ్ళిబట్టలు ఎర్నమ్మా!" అని అరిచాను గోడ మీంచి.

"పెళ్ళేటి బాబూ!
పోర్టు దుమ్మది.
నా తెల్లసీర సూడు, దానికేటి పెళ్ళి?"

ఆరేసిన చీర చూశాను. అదే రంగు.
కిటికీ అంచు వేలితో తుడిచాను. అదే.
యాభై పైచిలుకు సొరంగాల్లోంచి
నేను చివర నిలబడి, పచ్చజెండా ఊపి
దగ్గరుండి దింపిన కొండ.

ఆ తర్వాత పది రోజులూ
డ్యూటీ దిగగానే మేడ మీదికే.
కొంగ వస్తుంది, మెడ చాస్తుంది, పోతుంది.
నేను కెమెరా ఎత్తలేదు.
వాన పడాలి. పడితే తేలిపోతుంది
అది సింగారమో నా సరుకో.

పడింది. రాత్రంతా, రేకులు చితికిపోయేట్టు.
తెల్లారి గోడ మీద కొంగ.
వీపు తెల్లబడింది.
తల మీది పసిడి అలాగే ఉంది.

ఒకటే తీశాను.
ఎర్నమ్మకి చూపిస్తే
తడి చేత్తో తెర తాకబోయి, ఆగి,
"అయితే ఇద్దరం నిజమే సెప్పినాం" అని
తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

తూము దగ్గర నీళ్ళు ఇంకా ఎర్రగానే పోతున్నాయి.
రాత్రి పదీ నలభైకి మళ్ళీ బండి,
ఖాళీ వ్యాగన్లు, అరకు దాకా నేను.
బ్యాటరీ చార్జింగుకి పెట్టాను.