బొటనవేలు

పలాసలో రైలు దిగేసరికి
కాశీబుగ్గ మీద కాలిన జీడి వాసన
తడిబట్టలా వేలాడుతోంది.
నా సంచిలో రంగురంగుల చీటీలు, ఒక టేపు,
"మూలాల నుంచి మొదలుపెట్టాలి" అని
విశాఖ ఆఫీసులో అందరం తలలూపిన మాట.

వైకుంఠరావుగారి కొట్టు.
గోడ మీద వాళ్ల నాన్న ఫోటో, కింద పాత అట్టపెట్టె,
పెట్టె మీద కిరీటం బొమ్మ.
"నలభై ఏళ్లు ఈ కిరీటంతోనే అమ్మాం," అన్నారు.
"ఇప్పుడది పాతబడిపోయిందట.
హైదరాబాదు అంగళ్లలో
పక్క ప్యాకెట్టు ఏదో కథ చెబుతోందట.
మనకీ ఒక కథ కావాల.
ఎంతవుతాది?"

చీటీలు గోడకి అంటించాను.
నేల. గాలి. ఉద్దానం. చెయ్యి.
ఫ్యాను గాలికి మూడు రాలిపోయాయి,
"చెయ్యి" ఒక్కటే నిలిచింది.
శకునమనుకున్నాను.
జిగురు గట్టిగా ఉన్నదాన్నే
మా వృత్తిలో నిజమంటాం.

షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్లు.
కాలితో మీట తొక్కితే పిక్క చిట్లుతుంది,
పలుకు ఒకపక్కకి, పెంకు ఒకపక్కకి,
నడుమ చిమ్మిన జీడి వేళ్ల మీదికి.
చివరి పీట మీద దాలమ్మ.
వేళ్లకి బూడిద, బూడిద కింద నలుపు,
నలుపు కింద ఏ రంగుండేదో ఆమెకీ గుర్తులేదు.
అయినా ఆ చేతుల్లోంచి పలుకు
పాలపన్నులా బయటికొస్తుంది,
గీటు పడకుండా.

"దాలమ్మా, నీ వేలిముద్రే మా గుర్తు," అన్నాను.
"ప్రతి ప్యాకెట్టు మీదా నీ బొటనవేలు.
ఎవరు ఒలిచారో తినేవాళ్లకి తెలియాలి."
పక్కావిడ వైపు చూసి నవ్వింది.
"నా యేలా? సరే, నాకేటి పోయింది."

స్టాంపు ప్యాడు తెచ్చాను, తెల్లకాగితం పరిచాను.
నొక్కింది.
వానలో తడిసిన తపాలా ముద్రలా
ఒక నీలి మచ్చ.
గీత లేదు, సుడి లేదు.
ఇంకోసారి. గట్టిగా. ఎడమ చెయ్యి.
చివరికి ఆమే నన్ను ఓదార్చింది:
"పడదమ్మా. రేషను మిషనూ ఇలాగే అంటాది.
నెలకి మూడుసార్లు తిప్పుతాడు డీలరు.
గీతలన్నీ జీడి తినేసింది.
అమ్మ కడుపున పడ్డప్పుడు ఉన్నాయి కావాల."

మర్నాడు ఉదయానికి బొమ్మ పంపాలి.
లాడ్జి గదిలో, దోమల చక్రం పొగ పక్కన,
ప్యాడు మూత తీసి
నా బొటనవేలు నొక్కాను.
ఎంత అందంగా పడిందో!
తొలకరికి దున్నిన చాళ్లలా రేఖలు,
నడుమ చక్కని సుడి.
ఈ వేలు ఒక్క పిక్కనీ చిట్లగొట్టలేదు.
ఫోను తెరిచింది, లిఫ్టు మీట నొక్కింది,
ఇంకేం చేసిందా అని ఆలోచిస్తే
పెద్దగా ఏమీ లేదు.

మట్టిరంగు అట్ట. దాని మీద ఆ ముద్ర.
కింద మూడు మాటలు:
ఒలిచిన చేతి సంతకం.
ఆ మూడింటి కోసం వారం రోజులు తిరిగాను.
ఇప్పటికీ నాకవి ఇష్టం.
బాధ కూడా అదే.

కిరీటం కన్నా రెట్టింపు ధరకి పోయింది సరుకు.
వైకుంఠరావుగారు చెక్కుతో పాటు
డబ్బాడు జీడిపాకం పంపారు.
మా ఆఫీసులో పదినిమిషాల్లో ఖాళీ.

దసరా ముందు మళ్లీ వెళ్లాను,
దాలమ్మ కోసం ఒక ప్యాకెట్టు పట్టుకుని.
బూడిద చేతులు చీరకి తుడుచుకుని అందుకుంది.
విప్పలేదు.
కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి,
ముద్ర మీద తన నున్నటి వేలు పెట్టి
గీతల వెంట మెల్లగా నడిపించింది,
అక్షరాలు కూడబలుక్కునే పిల్లలా.

నాదేనా అని అడగలేదు.
"బాగా పడ్డాయమ్మా గీతలు," అంది.
కాసేపాగి,
"ఈ ప్యాకెట్టట్టుకెల్లి చూపిత్తే
బియ్యం ఇత్తారేటి?"