పట్టూ విడుపూ

పగలంతా నా వేళ్ళు నరాలు వెతుకుతాయి
మిల్డూరా ఆసుపత్రిలో, రెండో అంతస్తు, రక్తం తీసే గదిలో.
మోచేతి వంపులో కంటికి కనబడనిది
చూపుడువేలి కొసకి దొరుకుతుంది.
నా ఉద్యోగమూ అదే, నా గొప్పా అదే.

మెర్విన్ హాల్డేన్ నాకు అక్కడే తగిలాడు.
డెబ్బైనాలుగేళ్ళు. కీళ్ళు ఉబ్బి
అల్లంకొమ్ముల్లాంటి చేతులు.
సూది గుచ్చినట్టే తెలియలేదన్నాడు.
కాసేపాగి, "ఈ వేళ్ళు శనివారం నాకు అప్పిస్తావా?" అన్నాడు.

అలా వచ్చి పడ్డాను
ద్రాక్షతోటల అవతల, ఎర్రమట్టి మధ్య
పావుమైలు పొడవున పరిచిన నల్లటి చాప దగ్గరికి.

పాత టొరానా కింద వెల్లకిలా నేను.
వీపు కింద అట్టముక్క, పళ్ళ మధ్య టార్చి.
వెనక షాక్ అడుగున పాత రూపాయంత బిళ్ళ.
తిప్పితే టిక్కుమంటుందట.
వినపడదు. పక్కన ఎవడి ఇంజనో ఒకటి
ఎప్పుడూ గొంతు చించుకుంటూనే ఉంటుంది.
వేలికే తెలియాలి,
బియ్యంలో రాయి తగిలినట్టు.

మెర్విన్ వేళ్ళకి అది తెలియడం మానేసింది.
కిందటేడు ఆరనుకుని ఎనిమిది తిప్పాడట ఒకవైపు.
కారు వంకరగా పోయి గోడని రాసుకుంది.
స్టీరింగు ముందు మనవరాలు టీగన్.
ఆ పిల్లకేం కాలేదు.
ఈయన మాత్రం ఆ సంగతి చెప్పేటప్పుడు
చేతులు జేబుల్లో దాచుకుంటాడు.

మొదటి పరుగు.
పచ్చదీపం వెలగ్గానే ముక్కెత్తి ఆకాశాన్ని వాసన చూసింది కారు.
వెనక టైరు ముడతలు పడింది, పట్టింది,
పట్టిందని నేను అరిచేలోపే వదిలేసింది.
పొగ.
అరవై అడుగులకి ఒకటీ పాయింట్ యాభైఎనిమిది.

ఫోనులో నిదానంగా తిప్పి చూపించాడు.
"లేవడం తప్పు కాదు. లేచిన తొందర తప్పు.
ఒళ్ళంతా ఒక్క ఉదుటున పైకెగిరి
టైరుని నేలకేసి బాదింది,
బాదిన చెయ్యి అక్కడ ఉంచలేదు."

నా నోటుపుస్తకంలో తెలుగులోనే రాసుకుంటాను.
కంప్రెషన్‌కి పట్టు. రీబౌండ్‌కి విడుపు.
పట్టూ విడుపూ ఉండాలమ్మా అని
నా కాపురం మధ్య కూర్చుని ఎంతమంది చెప్పారో!
ఎన్ని టిక్కులో ఒక్కరూ చెప్పలేదు.

"వెనక విడుపు రెండు బిగించు. రెండువైపులా."
"ముందువి కూడా ఒకటి..."
"ఒక్కసారికి ఒక్కటే.
రెండు మారిస్తే
గెలిచినా ఎందుకు గెలిచామో తెలీదు."

యాభైరెండు.
ఇంకొక్కటి బిగించాను.
నలభైఏడు!
టీగన్ హెల్మెట్ తియ్యకుండానే నవ్వడం
కళ్ళ దగ్గర తెలిసింది.
మెర్విన్ చప్పట్లు కొట్టలేదు.
పెన్సిలు రెండు పిడికిళ్ళతో పట్టుకుని
అంకె వేశాడు, పక్కన గాలి చల్లదనం రాశాడు.

ఆశ నాది. ఇంకొక్కటి, అన్నాను.
ఏమవుతుందో తెలిసిన మనిషిలా సరే అన్నాడు.
ఈసారి కారు ఆవలించి బయలుదేరింది,
టైరు మీద బరువు పడనే లేదు.
యాభైఐదు.
మళ్ళీ కిందికి దూరి ఒకటి వెనక్కి తిప్పాను.
అప్పటికే మంచు దిగి
చాప మీద తడి మెరిసింది.
దీపాలు ఆర్పేశారు.
ఆ ఒక్కటీ సరైనదో కాదో
చూసుకునే వీలు లేకుండా పోయింది.

సోమవారం, రెండో అంతస్తు.
ఆయన దండచేతికి రబ్బరు పట్టీ బిగించాను.
పిడికిలి పూర్తిగా మూసుకోలేదు.
మూసుకున్నంత చాలన్నాను.
నరం దొరికింది. గొట్టంలో ఎరుపు ఎక్కుతోంది.
"ఎక్కడ ఆపాం?" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.
"మూడు దగ్గర."
పట్టీ ముడి విప్పాను,
ఒక్కసారిగా కాదు.