మూడక్షరాలు

తంబుచెట్టి వీధి, మేడ మీది గది.
హెడ్ కానిస్టేబుల్ ఏకాంబరం
బల్ల పక్కన నిలబడే ఉన్నాడు,
కూర్చోమన్నా కూర్చోడు,
ఉద్యోగం ఊడి తొమ్మిదేళ్లయినా.

సంకెళ్లు పిటిషనరు విప్పలేదని
లాయరుగారి ఇంగ్లీషు.
"విప్పానమ్మా.
అన్నం కలుపుకోడానికి కుడిచెయ్యి కావాలి గదా.
ఉన్నది కొట్టండి."

అప్పీలు పోతుందన్నాను.
సర్వీసు పోయింది, పింఛను పోయింది,
ఇదొక్కటే మిగిలిందన్నాను.
కింద బ్రాడ్వే బస్సులు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.
అతను మణికట్టు రుద్దుకున్నాడు,
బేడీ తనకే పడ్డట్టు.

"పారిపోయినవాడు
ఆకు మడిచి మరీ పోయాడమ్మా,
తన వైపుకి."

రోలరు వెనక్కి తిప్పాను.
'నాట్' అన్న మూడక్షరాల మీద
తెల్లసిరా పూశాను.

ఆరాలని ఊదుతూ ఉంటే
వెనక
స్టూలు లాక్కున్న చప్పుడు.